బిడ్డలకు నేర్పవలసిన మరియొక చదువు

పూర్వము మన యిండ్లకు ఉత్తరము వచ్చినచో, చదువు నేర్చిన బిడ్డ దానిని చదివి పెద్దలకు వినిపించుట పరిపాటి. మనియార్డరు ఫారము నింపుటయు, తంతివార్తకు అర్థము చెప్పుటయు ఆ బిడ్డ పనియే. నేడు ఉత్తరములు తగ్గినవి. తంతివార్తలు 2013 జూలైతో నిలిచిపోయినవి. కాని ఆ బిడ్డ పని తీరలేదు, పెరిగినది. తరతరములుగా తమిళనాట నివసించుచున్న మన కుటుంబములలో ఇంటి భాష తెలుగు, వీథి భాష తమిళము. బ్యాంకు పంపు సందేశము ఇంగ్లీషు. ఫోనులో అపరిచితులు మాటలాడునది ఒక్కొక్కప్పుడు హిందీ. ఈ నాలుగింటిని అర్థము చేసికొని పెద్దలకు చెప్పగలవారు పెక్కు యిండ్లలో ఎనిమిదవ తరగతియో తొమ్మిదవ తరగతియో చదువుచున్న బాలబాలికలే. తాతగారి పింఛను సందేశమును చదువుట, అవ్వగారికి గ్యాసు సిలిండరు తెప్పించుట, అంగడిలో ఫోనుతో సొమ్ము చెల్లించుట వారి చేతిమీదుగనే జరుగుచున్నవి.

కావున ఆ బిడ్డ మోసపోయినచో ఇల్లంతయు మోసపోవును. ఆ బిడ్డ మెలకువతో నున్నచో ఇంటికంతటికిని రక్ష. లెక్కలు, వ్యాకరణము నేర్పినట్లే మోసమును గుర్తించు నేర్పునుగూడ బిడ్డలకు నేర్పవలయునని మా యభిప్రాయము. పాఠశాలలో మేము చెప్పునది కొంత. ఇంటిలో మీరు చెప్పవలసినది అంతకంటె నెక్కువ. అందులకు ఉపకరించు కొన్ని సంగతులను తల్లిదండ్రుల యెదుట ఉంచుచున్నాము.

గుర్తింపు చౌర్యమనగా నేమి?

జేబుదొంగ సొమ్ము కాజేసినచో జేబు ఖాళీ యగును. ఆ సంగతి వెంటనే తెలియును. గుర్తింపు చౌర్యము అట్టిది కాదు. మన ఆధార్ కార్డు మన పెట్టెలోనే యుండును. మన పేరు మనకే యుండును. ఐనను వేరొకడు ఎక్కడనో కూర్చుండి మన పేరుతో సిమ్ కొనును, అప్పు తీసికొనును, ఖాతా తెరచును. అప్పులవాడో, పోలీసువారో తలుపు తట్టువరకు మనకు తెలియదు. చట్టము దీనిని చిన్న తప్పుగా నెంచలేదు. 2000 నాటి సమాచార సాంకేతిక చట్టమునకు 2008లో చేసిన సవరణ 2009 అక్టోబరు 27 నుండి అమలులోనికి వచ్చినది. అందలి 66సి విభాగము ప్రకారము ఇతరుల పాస్‌వర్డును గాని, గుర్తింపు చిహ్నమును గాని మోసబుద్ధితో వాడినవారికి 3 ఏండ్ల వరకు కారాగారము, 1 లక్ష రూపాయల వరకు జుల్మానా విధింపవచ్చును. ఫోను ద్వారా గాని, కంప్యూటరు ద్వారా గాని మరియొకరివలె నటించి మోసగించుటకు 66డి విభాగము క్రింద శిక్ష అంతియే. మిత్రుని పాస్‌వర్డు తెలిసికొని వాని పేరుతో ఇతరులను మోసగించుట వేడుక కాదు, నేరము. ఈ మాటయు పిల్లలకు చెప్పవలసినదే.

పేరును తాళపుచెవియు

బిడ్డకు మొదట నేర్పవలసినది పేరునకును తాళపుచెవికిని గల భేదము. మన సంగతులు మూడు తెగలు. మొదటి తెగ పదిమందికి తెలిసియుండునవి: పేరు, ఊరు, చదువు తరగతి. రెండవ తెగ అవసరము నెరిగి ఈయవలసినవి: ఆధార్ సంఖ్య, పుట్టిన తేదీ, ఖాతా సంఖ్య. మూడవ తెగ ఎవ్వరికిని ఈయరానివి: ఓ.టి.పి., పిన్, పాస్‌వర్డు, బ్యాంకు కార్డు వెనుక నుండు 3 అంకెలు. అడుగువాడు బ్యాంకు అధికారి యైనను, పోలీసు యైనను, తుదకు పాఠశాల ఉపాధ్యాయుడైనను ఈ మూడవ తెగను ఇచ్చుట తగదు.

ఆధార్ విషయమున ఒక సౌకర్యము కలదు. 12 అంకెలలో మొదటి 8 కప్పబడి, చివరి 4 మాత్రమే కనిపించు ప్రతిని ఆధార్ సంస్థ వెబ్‌సైటు నుండి పొందవచ్చును. గుర్తింపు చూపుట మాత్రమే కావలసిన చోట దానిని ఈయవచ్చును. జెరాక్సు ప్రతి ఈయవలసివచ్చినచో, ఎందులకు ఇచ్చుచున్నారో ఆ పనిని, తేదీని ప్రతిపైననే అడ్డముగా వ్రాయుట మంచి యలవాటు.

2016లో వచ్చిన యు.పి.ఐ. పద్ధతి నేడు కూరగాయల బండివరకు వ్యాపించినది. దానినిగూర్చి బిడ్డలు కంఠస్థము చేయవలసిన సూత్రము ఒక్కటే: సొమ్ము పంపుటకే పిన్ కావలయును, సొమ్ము వచ్చుటకు పిన్ అక్కరలేదు. "మీకు సొమ్ము పంపుచున్నాము, ఈ క్యూ.ఆర్. గుర్తును స్కాన్ చేసి పిన్ నొక్కుడు" అనువాడు ఇచ్చువాడు కాదు, తీసికొనువాడు. ఇచట తల్లిదండ్రులకొక విన్నపము. అనేక గృహములలో తండ్రిగారి పిన్ బిడ్డకు తెలిసియే యున్నది. ఇది తగదు. సందేశమును చదువుట బిడ్డ పని కావచ్చును. పిన్ నొక్కుట మాత్రము సొమ్ము గలవారి పనియే కావలయును.

లక్షణములను చూచుట

నలదమయంతుల కథ మన పిల్లలకు తెలిసినదే. స్వయంవరమున ఇంద్రుడు, అగ్ని, వరుణుడు, యముడు నలుని రూపమునే ధరించి అతని ప్రక్కన కూర్చుండిరి. ముఖములను చూచి దమయంతి నలుని కనుగొనజాలకపోయెను. పిదప ఆమె లక్షణములను చూచెను. దేవతలకు రెప్పపాటు లేదు, చెమట లేదు. వారి దండలు వాడవు, పాదములు నేల నంటవు. వాడిన దండతో, రెప్ప వాల్చుచు, నేలపై నిలిచినవాడే నలుడని గ్రహించెను. నేటి మోసములను గుర్తించుటకును ఇదియే మార్గము. బ్యాంకు చిహ్నము, పోలీసు దుస్తులు, మేనమామ ఫోటో, తుదకు మేనమామ కంఠస్వరము సైతము నేడు యంత్రసహాయమున అనుకరింపవచ్చును. రూపమును నమ్మక లక్షణములను చూడవలయును. ఆ లక్షణములు ముఖ్యముగా నాలుగు.

మొదటిది తొందర: "పది నిమిషములలో చేయకున్నచో ఖాతా నిలిచిపోవును." రెండవది భయము లేక ఆశ: "మీపై కేసు కలదు" అని గాని, "మీకు బహుమతి వచ్చినది" అని గాని చెప్పుదురు. మూడవది రహస్యము: "ఇంటిలో ఎవ్వరికిని చెప్పకుము, ఫోను పెట్టివేయకుము." నాలుగవది తాళపుచెవి నడుగుట: ఓ.టి.పి. చెప్పుమనుట, లింకు నొక్కుమనుట, తెలియని యాప్ ఎక్కించుకొనుమనుట. ఈ నాలుగింటిలో రెండు కలిసి కనిపించినచో ఫోను పెట్టివేయుటయే మర్యాద.

పెద్దలను గంటల తరబడి వీడియో ఫోను నెదుట నిలిపి, పోలీసు వేషమున సొమ్ము గుంజుకొను "డిజిటల్ అరెస్టు" అను మోసములో ఈ నాలుగు లక్షణములును నిండుగా కలవు. చట్టములో అట్టి పద్ధతియే లేదని ప్రధానమంత్రి 2024 అక్టోబరు 27 నాటి రేడియో ప్రసంగమున స్పష్టపరచి, ఆగవలయును, ఆలోచింపవలయును, పిమ్మట చర్య తీసికొనవలయును అని హితవు చెప్పిరి. తాతగారు గదిలో తలుపు మూసికొని భయముతో ఫోనులో మాటలాడుచున్నచో లోపలికి వెళ్ళి అడుగు హక్కు తనకు కలదని బిడ్డకు తెలిసియుండవలయును.

బిడ్డలకై వేయు వలలు వేరు. విద్యార్థివేతనము మంజూరైనది, ముందుగా కొంత రుసుము కట్టుడనుట. ఆటలలో వజ్రములు ఉచితముగా ఇత్తుమని పాస్‌వర్డు నడుగుట. పరీక్షాపత్రము ముందుగా అమ్మెదమనుట. పెండ్లి శుభలేఖ యను పేరుతో ఏ.పి.కె. ఫైలు పంపి, దానిని తెరచినంతనే ఫోనును వశము చేసికొన జూచుట. స్నేహితుని వాట్సాప్ నుండియే "పొరపాటున నీకొక 6 అంకెల సంఖ్య వచ్చినది, నాకు పంపుము" అని వచ్చు సందేశము మరియొకటి. ఆ సంఖ్య మన వాట్సాప్‌కు తాళపుచెవి. స్నేహితుని వాట్సాప్ అప్పటికే దొంగ చేతిలో నున్నది. మనది రెండవది కాబోవుచున్నది.

మన యిండ్ల విశేషము

మన తెలుగువారి విషయమున ప్రత్యేకముగా గమనింపవలసినవి రెండు కలవు. మన సంప్రదాయమున ఇంటిపేరు ముందు, పేరు తరువాత. తమిళ సంప్రదాయమున తండ్రి పేరులోని మొదటి అక్షరము ముందు వచ్చును. అందుచేత ఒకే బిడ్డ పేరు పాఠశాల రిజిస్టరులో ఒక విధముగను, ఆధార్‌లో మరియొక విధముగను, బ్యాంకు పుస్తకములో వేరొక విధముగను కనిపించుట మనలో అరుదు కాదు. "మీ పేరు సరిపోలలేదు, నేడే కె.వై.సి. సరిచేయకున్నచో ఖాతా నిలిచిపోవును" అను సందేశము ఇతరులకు అబద్ధముగా తోచవచ్చును. మనకు మాత్రము నిజమువలె తోచును; ఏలయన పేరు సరిపోలని మాట నిజమే! మోసగానికి మన సంగతి తెలియనక్కరలేదు. వేయిమందికి పంపినది మన గుమ్మమున తగులును. దీనికి విరుగుడు తీరిక దినములలో స్వయముగా పాఠశాలకును, బ్యాంకునకును, ఆధార్ కేంద్రమునకును పోయి పేరును ఒక్క తీరున చేయించుకొనుటయే. పేరు చక్కబడిన యింట ఆ బెదిరింపు చెల్లదు.

రెండవది భాషాభిమానము. ఇన్ని భాషల నడుమ ఫోనులో చక్కని తెలుగు వినబడినంతనే మన పెద్దల మనస్సు మెత్తబడును. "మాదియు నెల్లూరేనండీ" అన్నచో ఇక అనుమానమే యుండదు. భాష బంధుత్వమునకు గురుతు కావచ్చును గాని నిజాయితీకి గురుతు కాదు. మాటలాడువాడు ఏ భాష మాటలాడినను, ఆ నాలుగు లక్షణములనే చూడవలయునని బిడ్డలకును, వారి ద్వారా పెద్దలకును తెలియజెప్పుడు.

ఖాతా అద్దెకిచ్చు ప్రమాదము

పై తరగతుల విద్యార్థుల తల్లిదండ్రులు దీనిని శ్రద్ధతో చదువ ప్రార్థన. "నీ బ్యాంకు ఖాతాను కొన్నాళ్ళు మాకిమ్ము, వచ్చిన సొమ్ములో నీకు వంతు ఇత్తుము" అని యువకులను ఆశపెట్టువారు కలరు. ఆ ఖాతాలోనికి వచ్చునది మోసపోయినవారి సొమ్ము. పోలీసువారు సొమ్ము జాడ పట్టి వచ్చినప్పుడు వారికి దొరకునది ఖాతా గల విద్యార్థియే, తెరవెనుకవాడు కాదు. ఖాతా స్తంభించును, కేసు వచ్చును, ఉద్యోగమునకు పోవునాడు ఆ కేసు అడ్డుపడును. ఖాతాను గాని, సిమ్‌ను గాని స్నేహమునకైనను ఇతరుల కీయరాదు.

ఇంటిలో నేర్పు విధము

భయపెట్టి నేర్పిన చదువు నిలువదు. వారమునకొకమారు, ఆదివారము భోజనానంతరము, ఆ వారమున ఇంటి ఫోనులకు వచ్చిన అనుమానపు సందేశములను లింకులు నొక్కకుండ బిడ్డచేత చదివించి, నాలుగు లక్షణములలో ఏవి కలవో చెప్పుమనుడు. అవ్వయు, తాతయు ప్రక్కన కూర్చుండి వినినచో ఒక పాఠముతో ఇద్దరికిని చదువగును. "మా నాయనగారి నడిగి చెప్పెదను" అను ఒక్క వాక్యమును తడబడక పలుకుట అభ్యాసము చేయింపుడు. ఫోను పెట్టివేసి, బ్యాంకు పుస్తకముపైనో కార్డు వెనుకనో అచ్చువేసిన సంఖ్యకు మనమే ఫోను చేయు పద్ధతిని చూపుడు. మన బ్యాంకుల వెబ్ చిరునామాలు "బ్యాంక్ డాట్ ఇన్" అను ముగింపునకు 2025 అక్టోబరు 31 లోపల మారవలయునని రిజర్వు బ్యాంకు ఆదేశించినది. ఆ ముగింపును చూచుట నేర్పుడు. ఆపదలో నిజముగా మనవారే పిలిచినట్లు తెలియుటకు ఇంటివారికి మాత్రమే తెలిసిన ఒక సంకేతపదమును ఏర్పరచుకొనుడు. వాట్సాప్‌లో రెండంచెల పిన్ పెట్టించుడు.

పెద్దల నడవడియు పాఠమే. బిడ్డ పుట్టినరోజు, పాఠశాల పేరు, హాల్ టికెట్టు ఫోటో వాట్సాప్ స్టేటసులో పెట్టుట ముచ్చటయే కావచ్చును. అవి దొంగకు పనికివచ్చు సామగ్రి యని మరువరాదు.

అన్నింటికంటె ముఖ్యమైనది మరియొకటి. తిట్లకు వెరచి దాచిన బిడ్డ రెండవసారి మరింత లోతుగా చిక్కుకొనును. మోసగాని బలము బిడ్డ మౌనమే. "ఏది జరిగినను మొదట నాతో చెప్పుము, కోపపడను" అని ముందుగానే మాట ఇచ్చి, ఆ మాట నిలుపుకొనుడు.

మోసము జరిగినచో

సొమ్ము పోయినచో ఒక్క నిమిషమైనను ఆలస్యము చేయక 1930 సంఖ్యకు ఫోను చేయవలయును, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టలులో ఫిర్యాదు వ్రాయవలయును, బ్యాంకునకు తెలుపవలయును. దొంగలు సొమ్మును ఒక ఖాతా నుండి మరియొక ఖాతాకు త్వరత్వరగా తరలింతురు. తరలని సొమ్మును మధ్యలో ఆపు అవకాశము మన త్వరపైననే ఆధారపడియున్నది. సందేశములను చెరిపివేయక సాక్ష్యముగా ఉంచుకొనవలయును. మన పేరుతో ఎన్ని సిమ్‌లు కలవో 2023లో కేంద్రప్రభుత్వము నెలకొల్పిన సంచార్ సాథీ పోర్టలులో చూచి, మనవి కానివానిని తెలుపవచ్చును. ఆధార్ వ్రేలిముద్రలకు తాళము వేయు సదుపాయమును కలదు. "పోయిన సొమ్ము తెప్పించెదము, కొంత రుసుము పంపుడు" అని పిదప వచ్చువారు ఆ దొంగలకు తమ్ములే యని ఎరుగవలయును.

మన పెద్దలు ఈ గడ్డపై భాషను కాపాడుకొని, పాఠశాలలను నిలిపి, మంచిపేరు సంపాదించిరి. ఆ పేరు మన బిడ్డలకు దక్కిన ఆస్తి. దానిని పరులు అపహరింపకుండ కాచుకొను చదువునుగూడ బిడ్డలకు తల్లిభాషలోనే, తల్లిదండ్రుల నోటనే అందింపుడని మా ప్రార్థన.