మూగజీవుల మాట వినడం

మన గోశాలను దర్శించే భక్తులు తరచుగా నన్నడిగే ప్రశ్న ఒకటున్నది: "డాక్టరుగారూ, నేను మనసులో అనుకున్నది ఈ గోమాతకు తెలుస్తుందా?" ఇంట్లో కుక్కను పెంచుకునేవారు మరొక మాట కూడా చెబుతారు. తాము ఊరికి బయలుదేరాలనుకోగానే, పెట్టె సర్దకముందే, అది గుమ్మానికి అడ్డంగా పడుకుంటుందట. ముప్పై ఏళ్లు పశువైద్యం చేసి, ప్రస్తుతం గోసేవలో ఉన్నవానిగా ఈ విషయమై నాకు తెలిసినంత మనవి చేస్తాను.

మన పూర్వులు దీనిని మహిమగా కాక, విద్యగా భావించారు. మహాభారతం అరణ్యపర్వంలో నలమహారాజు బాహుకుడనే పేరుతో అయోధ్యాధిపతి ఋతుపర్ణుని కొలువులో ఉంటాడు. ఒక్క దినంలో విదర్భకు చేరవలసి వచ్చినప్పుడు ఆయన బక్కపలుచని గుర్రాలను ఎంచుకుంటాడు. ఇవెలా లాగుతాయని రాజు శంకిస్తాడు. నలుడు వాటి సుడులను బట్టి సత్తువను వివరించి, బెదిరిన గుర్రాలను లాలించి, రథాన్ని నడుపుతాడు. ఈ విద్యకే అశ్వహృదయమని పేరు. దీనిని ఆయన ఋతుపర్ణునికిచ్చి, బదులుగా అక్షహృదయాన్ని గ్రహిస్తాడు. అంటే ఇది ఒకరు నేర్పగా మరొకరు నేర్చుకోదగినదన్నమాట. విరాటుని కొలువులో నకులుడు అశ్వాలను, సహదేవుడు గోవులను కాచింది కూడా ఇటువంటి విద్యతోనే.

ఇక పశువు మన మనసును ఎలా గ్రహిస్తుంది? గత శతాబ్ది ఆరంభంలో బెర్లిన్ నగరంలో హాన్స్ అనే గుర్రం ఉండేది. లెక్క అడిగితే గిట్టతో నేలను తట్టి జవాబు చెప్పేది. దాని యజమాని ఫాన్ ఓస్టెన్ విశ్రాంత ఉపాధ్యాయుడు, మోసగాడు కాడు. 1907లో ఆస్కర్ ఫుంగ్‌స్ట్ అనే పరిశోధకుడు రహస్యాన్ని తేల్చాడు. అడిగేవానికే జవాబు తెలియకపోయినా, అతడు గుర్రానికి కనబడకపోయినా హాన్స్ తప్పేది. సరైన సంఖ్య రాగానే అడిగేవాని తల తనకు తెలియకుండానే రవంత కదిలేది. గుర్రం ఆ కదలికను చూసి ఆగేది. హాన్స్‌కు లెక్కలు రావని తేలినందుకు పలువురు నిరాశపడ్డారు. నాకు మాత్రం లెక్కలకంటే ఇదే గొప్పగా తోస్తుంది. ఎదుటి మనిషి తనలో తానే ఎరుగని కదలికను ఆ గుర్రం ఎరిగింది!

గుమ్మానికి అడ్డుపడే కుక్క విషయమూ ఇంతే. మీ నడక వేగం, గొంతులోని తొందర, బీరువా తలుపు చప్పుడు దానికి చాలు. 2015లో జపాన్ శాస్త్రజ్ఞులు మరొక సంగతి ప్రకటించారు. కుక్కా యజమానీ ఒకరినొకరు తదేకంగా చూసుకున్నప్పుడు ఇరువురి శరీరాల్లోనూ ఆక్సిటోసిన్ పెరుగుతుంది. తల్లికీ బిడ్డకూ నడుమ అనుబంధాన్ని పెంచే ద్రవ్యం అదే. మనుషుల చేతిలో పెరిగిన తోడేళ్లలో ఇది కనబడలేదు.

మనవైపు నుండి వినడమే కష్టం. ఆవు బాధను దాచుకుంటుంది. పులి వెంటాడే అడవిలో బలహీనత చూపిన పశువు బతకదు గనుక ఆ స్వభావం దానికి వచ్చింది. కాబట్టి చిన్న గుర్తులే దాని మాటలు. ఆరోగ్యంగా ఉన్న ఆవు రోజుకు ఏడెనిమిది గంటలు నెమరు వేస్తుంది. ముక్కు చెమ్మగా ఉంటుంది. మంద నుండి విడిగా నిలబడితే, పళ్లు కొరికితే ఏదో చెబుతున్నదని అర్థం. మా గోపాలకుడొకడు ఒక సాయంత్రం వచ్చి, "పొద్దున ఈనిన ఆవు ఇవాళ నన్ను చూసి చెవి తిప్పలేదండి" అన్నాడు. వెళ్లి పట్టుకుంటే చెవులు చల్లగా ఉన్నాయి. అది పాలజ్వరం. పేరుకే జ్వరం, ఒళ్లు చల్లబడుతుంది. కాల్షియం పడిపోయి ఆవు కూలబడుతుంది. నరానికి కాల్షియం నెమ్మదిగా ఎక్కించగా ఆ రాత్రికే లేచి దూడను నాకింది. తెల్లవారేదాకా ఆగి ఉంటే దక్కేది కాదు.

ఫోటో చూసి పశువు మనసు చెబుతామనేవారు ఈ మధ్య బయలుదేరారు. చెవిని తాకకుండా చెప్పే మాటను నేను నమ్మను. డబ్బు పోతే పోయింది, వైద్యుని వద్దకు తీసుకువెళ్లే సమయం పోతుందే అన్నదే నా బాధ.

దాతలకు ఒక విన్నపం. పర్వదినాల్లో భక్తులు పొంగలి, అన్నం, మిఠాయిలు ప్రేమతో తెచ్చి పెడుతుంటారు. ఆవు కళ్లు మూసుకుని తినేస్తుంది, వద్దనదు. పిండిపదార్థం ఒక్కసారిగా ఎక్కువైతే కడుపులో ఆమ్లం పుట్టి, నెమరు ఆగి, ఒకటి రెండు రోజుల్లో ప్రాణమే పోవచ్చు. పచ్చగడ్డి మోపు తెచ్చినా నేరుగా పెట్టక గోపాలకుని చేతికివ్వండి. ఏ ఆవుకు ఏ పూట ఎంత పెట్టవచ్చునో అతడు చెబుతాడు. సంచులు మాత్రం తిరిగి వెంట తీసుకువెళ్లండి.

తాకదలచినవారు వెనుకనుండి వెళ్లరాదు. నేరుగా వెనుకనున్నది ఆవుకు కనబడదు. పక్కనుండి, మాట వినిపిస్తూ దగ్గరకు వెళ్లి, మెడ కింద గంగడోలును నిమరండి. ఇష్టమైతే మెడ చాపుతుంది. తల తిప్పుకుంటే వదిలివేయండి. ఈనడానికి సిద్ధంగా ఉన్న ఆవులను తూర్పు పాకలో కట్టాము. అక్కడికి మాత్రం దయచేసి వెళ్లవద్దు.