ఒంటరి తేనెటీగల సంరక్షణతో పండ్ల తోటలకు మేలు

నాయుడుపేట: తేనెటీగ అనగానే తేనెపట్టు, రాణి ఈగ గుర్తుకు వస్తాయి. అయితే ప్రపంచంలోని సుమారు 20 వేల తేనెటీగ జాతుల్లో అత్యధికం పట్టు పెట్టవు. ఆడ ఈగ ఒంటరిగానే గూడు కట్టి, పుప్పొడి ముద్దపై గుడ్డు పెట్టి, ఆ అరను మూసివేస్తుంది. గండు తుమ్మెదలు, ఆకులు కత్తిరించి గూడు కట్టే ఈగలు ఈ కోవకు చెందినవే. తేనె ఇవ్వని కారణంగా ఇవి రైతుల దృష్టికి అంతగా రావు. పూల పరాగ సంపర్కంలో మాత్రం వీటి సేవ అమూల్యమైనది.

నెల్లూరు తీరప్రాంతంలో ఈశాన్య రుతుపవన వర్షాలు వెనుకపట్టిన తరువాత మామిడి, నిమ్మ తోటలు పూతకు వస్తాయి. వేసవి పుచ్చ పూసేదీ ఆ తరువాతనే. పుచ్చలో మగపూలు, ఆడపూలు వేర్వేరు. ఉదయం విచ్చుకున్న పువ్వు మధ్యాహ్నానికి ముడుచుకుంటుంది. ఆ కొద్ది గంటల్లో తగినంత పుప్పొడి అందని పిందె రాలిపోతుంది, లేదా వంకర కాయగా మారి మార్కెట్లో ధర పలకదు.

గూళ్ల ఏర్పాటు

జపాన్ ఆపిల్ రైతులు 1940వ దశకం నుంచే రెల్లు గొట్టాల కట్టలు అమర్చి ఒంటరి తేనెటీగలను పెంచుతున్నారు. మన తోటల్లోనూ ఇది ఖర్చులేని పని. ఒకవైపు కణుపుతో మూసుకుని ఉన్న, 6 నుంచి 10 మిల్లీమీటర్ల రంధ్రం గల ఎండు వెదురు లేదా రెల్లు గొట్టాలను జానెడు పొడవున కోసి, కట్టలుగా కట్టి, వాన తగలనిచోట నడుము ఎత్తున తూర్పుముఖంగా వేలాడదీయాలి. చీమలు ఎక్కకుండా చూడాలి. చిన్న ఈగలు గూటికి కొన్ని వందల మీటర్ల లోపే తిరుగుతాయి కనుక కట్టలు తోటలోనే ఉండాలి. నేలలో గూడు కట్టే జాతులే అధికం కాబట్టి గట్లపై కొంత స్థలాన్ని దున్నకుండా వదలాలి. ఎండు మొద్దులు తుమ్మెదలకు నివాసాలు.

మందుల వాడకంలో జాగ్రత్త

మామిడిలో తేనెమంచు పురుగు నివారణకు పూత విచ్చుకున్నాక పిచికారీ చేస్తే పురుగుతోపాటు తేనెటీగలూ నశిస్తాయి. పురుగు ఉధృతిని గమనించి, పూలు విచ్చుకోకముందే మందు వాడటం శ్రేయస్కరం. పుచ్చలో తప్పనిసరైతే పూలు ముడుచుకున్న సాయంత్రం వేళల్లోనే పిచికారీ చేయాలి. గూళ్లు ఎన్ని అమర్చినా, పూతపై మందు పడితే ఆ శ్రమ వృథాయే.