పేజీ వేరు, ప్రోగ్రామ్ వేరు

కంప్యూటర్ క్లాసులో నేర్చుకున్న ఒక సంగతి చెప్తాను.

మన మెస్ గోడ మీద సోమవారం నుంచి ఆదివారం దాకా పెయింటుతో రాసి ఉంది కదా. పక్కన కూర పేరు మాత్రం చాక్‌పీసుతో రాస్తారు. కూర మారిందని ఎవరూ గోడకు మళ్ళీ పెయింటు వెయ్యరు. వెబ్ పేజీ కూడా అంతే.

హెచ్‌టీఎంఎల్ అంటే పేజీ రూపం. శీర్షిక, పట్టిక, బొమ్మ ఎక్కడ రావాలో చెప్తుంది. ప్రోగ్రామ్ లెక్కలు చేస్తుంది, దాచిన సమాచారం తెస్తుంది. 1995లో వచ్చిన పీహెచ్‌పీలో రెండూ ఒకే ఫైలులో కలిపి రాయొచ్చు. చిన్న పేజీకి తేలికే. పెద్దదైతే బియ్యంలో రాళ్ళు కలిసినట్టే. ఒక మాట దిద్దబోతే లెక్క చెడిపోవచ్చు.

అందుకే రూపాన్ని విడి ఫైలులో పెడతారు. దాన్ని టెంప్లేట్ అంటారు. పేరు, మార్కులు రావాల్సిన చోట ఖాళీ గుర్తులుంటాయి. వాటిని ప్రోగ్రామ్ నింపుతుంది. జాంగో అనే సాధనం ఇలాగే పని చేస్తుంది. అది అమెరికాలో లారెన్స్ అనే ఊళ్ళో ఒక వార్తాపత్రిక ఆఫీసులో పుట్టింది. 2005లో అందరికీ ఉచితంగా ఇచ్చారు.

దీనివల్ల మనకేం లాభం? మా ఇంట్లో బడికొచ్చింది నేనే మొదలు. నాకు ప్రోగ్రామ్ ఇంకా రాదు. కానీ టెంప్లేట్‌లో తెలుగు తప్పుంటే దిద్దగలను. ఖాళీ గుర్తుల్ని ముట్టకపోతే చాలు. మా కోయ భాషలో ఇంకో టెంప్లేట్ రాసినా ప్రోగ్రామ్ అదే సరిపోతుంది. చదివి వినిపిస్తే మా అమ్మకు కూడా అర్థమవుతుంది.

కాబట్టి ఇది మన పని కాదని ఎవరూ అనుకోకండి. ముందు టెంప్లేట్, తర్వాత ప్రోగ్రామ్. రెండూ నేర్చుకుందాం.

– 9వ తరగతి విద్యార్థిని