1966 దాటిన కారుకు ఇక్కడ చోటు లేదు

ఇంగ్లండ్ దక్షిణ భాగంలో చిచెస్టర్ అనే చిన్న నగరం పక్కన గుడ్‌వుడ్ ఎస్టేట్ ఉంది. ఏటా సెప్టెంబరులో ఒక శుక్రవారం మొదలై ఆదివారం దాకా అక్కడి రేసు ట్రాక్ మీద పాత కార్లు పోటీలు పడతాయి. చూడటానికి వచ్చే జనంలో ఎక్కువమంది 1940, 50, 60ల నాటి ముస్తాబుతోనే దిగుతారు. ఆ మూడు రోజులూ ట్రాక్ ఆవరణలో ఈ కాలపు వాహనాలను తిరగనివ్వరు. ఆ పండగ పేరు గుడ్‌వుడ్ రివైవల్.

వేషం కట్టాల్సిందేనని ప్రేక్షకులను బలవంతపెట్టరు. కానీ కార్లను పోటీకి సిద్ధం చేసే పాడక్‌లోకి అడుగుపెట్టాలంటే మాత్రం తప్పదు. జీన్సు, టీషర్టుతో వెళితే గేటు దగ్గరే ఆపేస్తారు. తాడు కట్టి, బోర్డు పెట్టి, ముట్టుకోవద్దనే పాత కార్ల ప్రదర్శనలు లోకంలో కొల్లలు. ఇక్కడ టికెట్టు కొన్నవాళ్ళూ ఆ దృశ్యంలో భాగమే. రివైవల్‌కున్న పేరులో సగం వాటా కార్లదైతే, మిగతా సగం టోపీలు, ట్వీడ్ కోట్లు, చుక్కల గౌన్లతో వచ్చే ఈ జనానిదే.

ఇంతకీ పోటీపడే కార్లకు 1966 దగ్గరే గీత ఎందుకు గీశారు? రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఈ ట్రాక్ ఉన్న చోటు వెస్ట్‌హాంప్‌నెట్ వైమానిక స్థావరం. రెండు కాళ్ళూ పోయినా యుద్ధవిమానం నడిపిన డగ్లస్ బాడర్, 1941 ఆగస్టులో శత్రువుల చేతికి చిక్కిన రోజున బయల్దేరింది ఇక్కణ్ణుంచే. యుద్ధం ముగిశాక, విమానాల కోసం మైదానం చుట్టూ వేసిన రోడ్డు మిగిలింది. ఎస్టేట్ యజమాని, తొమ్మిదో డ్యూక్ ఆఫ్ రిచ్‌మండ్, తానూ ఒకప్పుడు రేసులు నడిపిన మనిషే. దాదాపు 3.8 కిలోమీటర్ల ఆ రోడ్డును రేసు ట్రాక్‌గా మార్చి 1948 సెప్టెంబరు 18న తెరిచారు. కార్ల వేగం మితిమీరడంతో 1966లో పోటీలు ఆపేశారు. ఆయన మనవడు 1998లో, సరిగ్గా అదే తేదీన, యాభయ్యో ఏట ట్రాక్‌ను మళ్ళీ తెరిచారు. అందుకే 1948 నుంచి 1966 దాకా అక్కడ పరుగెత్తిన తరహా కార్లకే పోటీల్లో చోటు.

అయితే ఈ వైభవం వెనక ఒక తమాషా ఉంది. 1948లో మొదటి రేసు జరిగేనాటికి బ్రిటన్‌లో బట్టలకూ, పెట్రోలుకూ రేషనే. బట్టల రేషన్ 1949 మార్చి దాకా, పెట్రోలు రేషన్ 1950 మే దాకా సాగాయి. యుద్ధం రోజుల్లో మేజోళ్ళు దొరకక, వాటి వెనక ఉండే కుట్టు గీతను ఆడవాళ్ళు పెన్సిలుతో కాళ్ళ మీదే గీసుకునేవారు. 1947లో పారిస్‌లో క్రిస్టియన్ డియోర్ గజాల కొద్దీ గుడ్డతో కుచ్చుల గౌన్లు తెచ్చినప్పుడు, ఇంత గుడ్డ వృథానా అని విరుచుకుపడినవాళ్ళూ లేకపోలేదు. రివైవల్‌లో మాత్రం ఆ గౌనూ, ఆ మేజోళ్ళూ పుష్కలంగా కనిపిస్తాయి. పాతకాలపు సొగసంతా ఉంటుంది, కూపన్ల క్యూ ఒక్కటే ఉండదు. పండగ కదా, తప్పు పట్టలేం. ఈ మధ్య పాత బట్టలు కొనడం, చిరిగినవి బాగుచేసుకోవడం నేర్పే విభాగం పెట్టారు. ఆ రోజుల అసలు గృహిణికి దగ్గరగా వచ్చిందేమైనా ఉంటే అదే.

ట్రాక్ మీద మాత్రం నటన ఉండదు. 1962 నుంచి 64 మధ్య ఫెరారీ తయారుచేసిన 250 జీటీవోలు 36 మాత్రమే. వాటిలో ఒకటి 2018 వేలంలో 4.84 కోట్ల డాలర్లు పలికింది. అటువంటి కారును తీసుకొచ్చి, పక్క కారుతో రాసుకుంటూ నడిపే యజమానుల ధైర్యాన్ని ఏమనాలో తెలియదు. ఈ మలుపులు ఆటబొమ్మలు కావని చెప్పడానికి స్టెర్లింగ్ మాస్ ఒక్కరు చాలు. 1948లో ట్రాక్ తెరిచిన రోజే గెలిచిన ఆ కుర్రాడు, 1962 ఏప్రిల్‌లో ఇక్కడి సెయింట్ మేరీస్ మలుపు దగ్గర కారు అదుపు తప్పి నెలరోజులు స్పృహ లేకుండా పడున్నాడు. అగ్రశ్రేణి రేసర్‌గా ఆయన జీవితం అక్కడితో ఆగింది.

ఇన్ని ఖరీదైన కార్ల నడుమ జనాన్ని కేరింతలు కొట్టించే పోటీ ఇంకొకటుంది: పిల్లల సెట్రింగ్టన్ కప్. దీనికి ఇంజనే అక్కర్లేదు. ఓవరాల్స్ తొడుక్కున్న పిల్లలు పరుగెత్తుకెళ్ళి ఆస్టిన్ జే40 అనే తొక్కుడు కార్లలోకి ఎక్కి, పెడళ్ళు తొక్కుతూ గీత దాటుతారు. ఆ బొమ్మ కార్లను 1949 నుంచి 1971 దాకా సౌత్ వేల్స్‌లోని బార్గోడ్‌లో తయారుచేశారు. గనుల్లో బొగ్గు ధూళి పీల్చి ఊపిరితిత్తులు చెడిపోయి, పని మానేయాల్సి వచ్చిన కార్మికులకు ఉపాధి కోసం పెట్టిన ఫ్యాక్టరీ అది. దాదాపు 32 వేల కార్లు అక్కణ్ణుంచి బయటికొచ్చాయి.

పొగ సంగతి కూడా నిర్వాహకులు పట్టించుకున్నారు. 2024లో అన్ని రేసులనూ పర్యావరణానికి మేలైన ప్రత్యేక ఇంధనంతోనే నడిపారు.

రేసులో లేకపోయినా, 1966కు ముందటి కారులో వచ్చే సందర్శకులకు ట్రాక్ బయట విడిగా పార్కింగ్ ఇస్తారు. ఆ వరసే ఒక ప్రదర్శన అయిపోతుంది. అక్కడ మారిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 కనబడితే తెలుగువాడెవడైనా ఆగి చూడాల్సిందే, అది మన అంబాసిడర్‌కు మూలరూపం మరి. ఇంగ్లండ్‌లో దాని తయారీ 1959లోనే ఆగినా, మన దగ్గర కలెక్టర్లనూ, మంత్రులనూ, టాక్సీ బేరాలనూ మోస్తూ 2014 దాకా తయారవుతూనే ఉంది. 1966కు ముందటి అంబాసిడర్‌ను ఎవరైనా ఓడెక్కించి తీసుకెళ్తే, ఆ వరసలో నిలబెట్టడానికి దానికీ అర్హత ఉంది.