ఎండతో చల్లదనమా? ఎలా?

ఎండ మాడ్చేస్తుంది కదా, మరి అదే ఎండ టీకా మందుల్ని చల్లగా ఎలా ఉంచుతుంది? ఎన్టీఆర్ జిల్లా ఎ.కొండూరు లాంటి ఊళ్లో ఏప్రిల్ మధ్యాహ్నం కరెంటు పోయిందనుకోండి. టీకాలేమో 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉండాలి!

అప్పుడు ఆదుకునేది సోలార్ ఫ్రిజ్. దాని పలకలకు కావలసింది ఎండలోని వేడి కాదు, వెలుతురు. దాన్నే కరెంటుగా మారుస్తాయి. ఆ కరెంటుతో ఫ్రిజ్ గొట్టాల్లో ఒక ద్రవం తిరుగుతుంది. అది ఆవిరవుతూ లోపలి వేడిని లాక్కుని, వెనకవైపు బయటికి వదిలేస్తుంది.

మరి రాత్రి? కొన్ని సోలార్ ఫ్రిజ్‌లలో కరెంటు దాచడానికి బ్యాటరీయే ఉండదు! నాకు బాగా నచ్చిన తెలివి ఇదే. పగలు గోడల్లోని నీటిని గడ్డకట్టిస్తాయి. చేపల బుట్టలో ఐసులాగా అది రాత్రంతా నెమ్మదిగా కరుగుతూ వేడిని పీల్చుకుంటుంది. కానీ హెపటైటిస్-బి టీకా ఒక్కసారి గడ్డకడితే ఇక పనికిరాదు. అందుకే మందుకూ ఐసుకూ మధ్య అడ్డుగోడ ఉంటుంది.