అవతారిక నుంచి దరఖాస్తు వ్యాసం దాకా: గుంటూరు, ప్రకాశం సీమల్లో రచయిత స్వీయపరిచయం

వ్యాససంగ్రహం: రచనా కార్యశాలలో ప్రవేశం కోరే అభ్యర్థి తన గురించి తాను రాసి పంపే వ్యాసాన్ని తెలుగు సాహిత్య పరిశోధన ఇంతవరకు పెద్దగా పట్టించుకోలేదు. కావ్యావతారికను ఆ వ్యాసానికి పూర్వరూపంగా చూడవచ్చునని, అయితే రెండూ వేర్వేరు ప్రశ్నలకు సమాధానాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఉమ్మడి గుంటూరు, ప్రకాశం జిల్లాలతో సంబంధమున్న కవుల స్వీయపరిచయాలు ఇందుకు ఆధారం.

కీలకపదాలు: అవతారిక, స్వీయపరిచయం, రచనా కార్యశాల, తిక్కన, శ్రీనాథుడు, అప్పకవి, జాషువ.

ఉపోద్ఘాతం

రచనా కార్యశాలలో చేరదలచినవారు సాధారణంగా రెండు పత్రాలు పంపవలసి ఉంటుంది. మొదటిది కథ గాని కవిత గాని. రెండవది తానెవరో, ఎందుకు రాస్తున్నాడో, ఆ కార్యశాలలో ఏమి నేర్చుకోదలచాడో తెలిపే చిన్న వ్యాసం. అమెరికాలో 1936లో అయోవా విశ్వవిద్యాలయంలో మొదలైన రచయితల కార్యశాల, 1968లో పెన్సిల్వేనియాలో ఆరంభమైన క్లేరియన్ కార్యశాల ఈ పద్ధతి వ్యాప్తికి తోడ్పడ్డాయి. ఎంపికైనవారు తమ వ్యాసాలను తరువాతి అభ్యర్థులకు చూపించడం, వారు వాటిని చదివి తమవి దిద్దుకోవడం కూడా ఈ పద్ధతిలో ఒక భాగమైపోయింది.

తెలుగులో కథా కార్యశాలలు ఎక్కువగా ఆహ్వానం మీద, పరిచయం మీద నడిచాయి. అందువల్ల ‘నన్ను ఎందుకు తీసుకోవాలి’ అని కాగితం మీద చెప్పవలసిన అవసరం తెలుగు రచయితకు అరుదుగానే కలిగింది. మన విద్యార్థికి బడిలో పరిచయమయ్యే దరఖాస్తు జ్వరం వచ్చిందని సెలవు కోరే లేఖ. ఆ తరువాత తెలిసేది కార్యాలయాల్లో పెట్టుకునే అర్జీ. రెండింటిలోనూ రాసేవాడు తనను తాను తగ్గించుకొని నిలబడతాడు. పత్తి, మిరప పండే పల్లెల నుంచి చదువుకొని వచ్చిన తొలితరం యువ రచయితకు ఇంతకు మించిన నమూనా చేతిలో లేదు. కాని తెలుగు సాహిత్యంలో ఒకటి ఉంది. అది కావ్యావతారిక.

అవతారిక అడిగే ప్రశ్న

తిక్కన సోమయాజి నెల్లూరిలో మనుమసిద్ధి ఆస్థానానికి చెందినవాడైనా ఆయన వంశమూలం గుంటూరిలో ఉంది. విరాటపర్వ అవతారికలో ఆయన తండ్రి కొమ్మన కలలో కనిపిస్తాడు. అక్కడ తిక్కన తండ్రిని పరిచయం చేసే తీరు గమనించదగినది. గోత్రం, తాత భాస్కరమంత్రి, పెదతండ్రులు కేతన, మల్లన, సిద్ధనల పేర్లు వరుసగా వచ్చి, చివరికి కొమ్మన గుంటూరికి విభుడన్న మాట వస్తుంది. చదువరికి కవి ఎవరో తెలియడానికి ముందే కవి ఎవరివాడో తెలుస్తుంది. తరువాత హరిహరనాథుడు సాక్షాత్కరించి కృతిని స్వీకరిస్తాడు. భారతాన్ని తెనిగించాలన్న కోరిక కవిదే అయినా, దానికి ఆమోదం పైనుంచి రావాలి.

అద్దంకి రాజధానిగా ఏలిన ప్రోలయ వేమారెడ్డికి హరివంశాన్ని అంకితమిచ్చిన ఎఱ్ఱన విషయంలో ఆ ఆమోదం రాజు నుంచి వస్తుంది. దేవుడు, తండ్రి, రాజు, ఎవరైనా కావచ్చు. అవతారికలో మొదటి మాట రచయితది కాదు. ‘నాకు రాయాలని ఉంది’ అన్న వాక్యానికి అక్కడ చోటు తక్కువ. ‘నీవు రాయవలసింది’ అని మరొకరు అంటే కవి తల ఒగ్గుతాడు. నేటి దరఖాస్తు వ్యాసం అడిగేది సరిగ్గా దీనికి విరుద్ధం. అక్కడ పిలిచేవారు ఉండరు, అభ్యర్థే తలుపు తట్టాలి. తెలుగు అభ్యర్థులు తమ వ్యాసాలను గురువుల పేర్లతో, బహుమతుల జాబితాతో నింపి, అసలు కోరికను చివరి వాక్యంలో మొగమాటంగా చెప్పి ఊరుకోవడానికి ఈ పాత అలవాటు కొంత కారణం కావచ్చు.

కొండవీటిలో పెదకోమటి వేమారెడ్డి వద్ద విద్యాధికారిగా ఉన్న శ్రీనాథుడు ఈ చట్రంలోనే ఉంటూ మరొక పని చేశాడు. తరువాతి కాలంలో రాజమహేంద్రవరపు వీరభద్రారెడ్డికి అంకితమిచ్చిన కాశీఖండంలో తన రచనలను వయసుల వారీగా చెప్పుకున్నాడు: పసితనంలో మరుత్తరాట్చరిత్ర, మీసాలు మొలిచే వేళ శాలివాహన సప్తశతి, నిండు యౌవనంలో నైషధం, ప్రౌఢ వయసులో భీమఖండం, ఇప్పుడు కాశీఖండం. సాహిత్య చరిత్రకారులకు ఇది శ్రీనాథుని కృతుల కాలక్రమాన్ని నిర్ణయించే ఆధారం. తరగతి గదిలోనూ అందుకే ఉదాహరిస్తారు. అది అంతకంటె ఎక్కువ. వంశం చెప్పే ఆశ్వాసంలోనే కవి తన అర్హతగా తన పనిని చూపుతున్నాడు. ఒక్కొక్క పనికి ఒక్కొక్క వయసును జోడించి ఎదుగుదలను చూపుతున్నాడు. కార్యశాల నిర్వాహకులు అభ్యర్థి నుంచి కోరేది ఇదే. అయితే శ్రీనాథుడు తనకు ఇంకా రానిది ఏమిటో చెప్పలేదు. ఆ పద్యం చివర తనను కర్ణాట రాజధానికి సూర్యునిగా వర్ణించుకున్న కవి నుంచి అది ఆశించలేము.

అప్పకవి కల

పల్నాటి సీమలోని కామేపల్లికి చెందిన కాకునూరి అప్పకవి 1656లో అప్పకవీయాన్ని ఆరంభించాడు. దాని అవతారికలో విష్ణువు కలలో దర్శనమిచ్చి, నన్నయ రచించిన ఆంధ్రశబ్దచింతామణి ఎలా మరుగునపడి ఎలా మిగిలిందో చెప్పి, దానిని తెలుగులో వివరించమని ఆదేశిస్తాడు. ఆ వ్యాకరణం నన్నయదేనా అన్న వాదం పండితులలో తెగలేదు. ఆ చర్చను పక్కన పెట్టి చూసినా, కల అన్న సంకేతం ఇక్కడ చేస్తున్న పని స్పష్టం. తిక్కన కల కవికి అనుమతినిచ్చింది. నాలుగు శతాబ్దాల తరువాత అప్పకవి కల ఒక గ్రంథపు ప్రామాణ్యాన్ని కూడా మోయవలసి వచ్చింది.

ఆ మధ్యకాలంలో ఇష్టదేవతాస్తుతి, సుకవిస్తుతి, కుకవినింద, కృతిపతి వంశవర్ణన, షష్ఠ్యంతాలు ఒక వరుసలో స్థిరపడ్డాయి. కవులు పూర్వుల అవతారికలను చదివి తమవి రాసుకున్నారు. తాళపత్రాల ప్రతులే నాటి నమూనా వ్యాసాలు. నమూనాలు చేతులు మారినకొద్దీ రూపం గట్టిపడుతుంది, అందులోని మనిషి పలచబడతాడు. అవతారికలు అన్నీ అలా అయ్యాయని కాదు. కాని ఒక కవి కలకు మరొక కవి కలకు తేడా చెప్పడం కష్టమయ్యే స్థితి వచ్చింది.

వంశం అడ్డుపడిన కవి

‘ఎవరివాడవు’ అన్న ప్రశ్నకు చెప్పే సమాధానమే తలుపు మూసేదైతే కవి ఏమి చేయాలి? వినుకొండలో 1895లో జన్మించిన గుఱ్ఱం జాషువకు ఎదురైన పరిస్థితి అదే. తండ్రి యాదవుడు, తల్లి మాదిగ, కుటుంబం క్రైస్తవం. జూపూడి హనుమచ్ఛాస్త్రి వద్ద సంస్కృత కావ్యాలు చదువుకున్నాడు. కవిత్వం విని మెచ్చినవారు కులం తెలిసి మొగం తిప్పుకున్న అవమానాలు ఆయనకు అనుభవం. హిందూ ఇతివృత్తాలతో రాస్తున్నాడని క్రైస్తవ సమాజం నుంచీ నిరసన ఎదురైంది.

1941 నాటి గబ్బిలంలో ఆయన మేఘదూతపు చట్రాన్ని తీసుకొని దూతను మార్చాడు. గుడిలోకి అడుగుపెట్టే వీలులేని మనిషి, ఏ అడ్డూ లేకుండా గుడి కప్పుకు వేలాడే గబ్బిలం ద్వారా తన గోడు కాశీ విశ్వనాథునికి చెప్పి పంపుతాడు. పూజారి లేని వేళ చూసి శివుని చెవిలో వేయమంటాడు. దీనిని కేవలం సందేశకావ్యంగా కాక, ప్రవేశం నిరాకరింపబడినవాడు రాసిన విన్నపంగా చదివితే అవతారికా సంప్రదాయం తలకిందులైన తీరు కనిపిస్తుంది. ఇక్కడ దేవుడు కలలోకి వచ్చి పిలవలేదు, మనిషే కబురు పంపుతున్నాడు. అయినా ఆ కబురు అర్జీ కాదు. అందులో ప్రాధేయత కన్న నిలదీత ఎక్కువ. తరువాత పద్యంలో రాసిన స్వీయచరిత్ర ‘నా కథ’లో ఆయన ఆ ప్రశ్నకు నేరుగా, తన పేరుతోనే జవాబు చెప్పుకున్నాడు.

పంచుకోవడం

పోషకుడు లేని కాలంలో కవిని గుర్తించే పని తోటి కవుల మీద పడింది. తెనాలిలో తల్లావజ్ఝుల శివశంకరశాస్త్రి సభాపతిగా సాహితీ సమితి, నరసరావుపేటలో నవ్యకళా పరిషత్తు ఈ పని చేశాయి. 1943లో అభ్యుదయ రచయితల సంఘం తొలి మహాసభ తెనాలిలోనే జరిగింది. మరుసటి ఏడు కుందుర్తి ఆంజనేయులు, ఏల్చూరి సుబ్రహ్మణ్యం, బెల్లంకొండ రామదాసు కలిసి ‘నయాగరా’ సంపుటిని వెలువరించారు. ముగ్గురు యువకులు ఒకే అట్ట కింద కవిత్వాన్ని ప్రకటించడం ఒక విధంగా పరస్పర పరిచయపత్రమే.

నేటి అభ్యర్థులు తమ దరఖాస్తు వ్యాసాలను ఒకరికొకరు చూపించుకోవడం ఈ కోవకు చెందినదే. దీనివల్ల మేలు ఉంది. ఎంపిక చేసేవారి మనసులోని నియమాలు పట్నంలో పెరిగి ఇంగ్లీషు మాధ్యమంలో చదివినవారికి ఎలాగూ తెలిసిపోతాయి. చూపించుకోవడం వల్ల చిలకలూరిపేట, మార్టూరు వైపునుంచి వచ్చినవారికీ తెలుస్తాయి. హాని కూడా ఉంది, అది అవతారికల విషయంలో చూసినదే. ఎంపికైన వ్యాసాలే చేతులు మారుతాయి కనుక వాటి పోలికలే మిగిలినవాటికి వస్తాయి. ఎంపిక కాని వ్యాసాలను కూడా పక్కన పెట్టుకొని చదివితే ఈ హాని కొంత తగ్గుతుంది. ఆ పని ఎవరూ ఇష్టపడి చేయరు.

వంశం స్థానంలో వేదన

ఈ సీమ నుంచి రాసే అభ్యర్థికి మరొక ప్రలోభం ఉంది. 1987, 88 ప్రాంతంలో తెల్లదోమ ఉధృతికి పత్తి దెబ్బతిని గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో రైతులు ఆత్మహత్యలకు పాల్పడ్డారు. ఆ దుఃఖం ఇళ్లలో మిగిలింది, కథల్లోకి, కవిత్వంలోకి వచ్చింది. నెక్కల్లుకు చెందిన పాపినేని శివశంకర్ వంటి రచయితలు మట్టితో మనిషికున్న బంధాన్ని రచనకు కేంద్రం చేసుకున్నారు. కాని దరఖాస్తు వ్యాసంలో తండ్రి అప్పు, ఎండిన చేను అర్హతాపత్రాలుగా మారినప్పుడు, ఒకనాడు గోత్రం చేసిన పనిని వేదన చేస్తుంది. ‘ఎవరివాడవు’ అన్న పాత ప్రశ్నకే కొత్త సమాధానం అది. బాధ నిజమే కావచ్చు. అది రాయగలడని రుజువు కాదు. ఎంపిక చేసేవారు కూడా ఈ వేదననే ఎదురుచూస్తుంటే తప్పు అభ్యర్థిది మాత్రమే కాదు.

మిరప కల్లంలో ఎండుకాయల నుంచి స్త్రీలు తాలుకాయలు ఏరుతారు. రంగు చెడిన ఆ కాయకు ధర వేరు. రోజంతా ఘాటులో కూర్చొని ఆ తేడా పట్టే కన్ను వారిది. ధర నిర్ణయమయ్యేది మాత్రం వారు అడుగుపెట్టని మిర్చి యార్డులో, టిక్కీల వరుసల మధ్య. దీనిని చూసి పెరిగిన అభ్యర్థి ‘మాది పేద కుటుంబం’ అని రాస్తే చెప్పినది తక్కువ. ఏరే చేతిని గురించి తాను రాసిన కథలో ఆ స్త్రీ మాట ఎందుకు కుదరలేదో, ఎన్ని రకాలుగా ప్రయత్నించి ఎక్కడ ఆగిపోయాడో రాస్తే, శ్రీనాథుడు చూపిన పని, ఆయన చెప్పని లోటు రెండూ ఒకే పుటలో చేరతాయి. అలాంటి వ్యాసాన్ని మరొకరు చదివి నేర్చుకోవచ్చు గాని ఎత్తి రాసుకోలేరు, ఎందుకంటే ఆగిపోయిన చోటు ఎవరిది వారిదే.