తప్పిన పేపరుకు ఊరికో పేరు

బళ్లారిలో దాన్ని 'బ్యాక్' అంటారు. హోసూరులో 'అరియర్'. బరంపురం, రాయగడల్లో 'బ్యాక్ పేపర్'. షోలాపూర్‌లో 'ఏటీకేటీ'. సరిహద్దు దాటి అనంతపురం వెళ్తే అదే 'సప్లీ' అవుతుంది. యానాం కుర్రాళ్లకు రెండు మాటలూ వచ్చు. కాకినాడలో చేరినవాడు సప్లీ అంటాడు, పుదుచ్చేరి వెళ్లినవాడు అరియర్ అంటాడు. మాట ఏదైనా, ఫలితాలొచ్చిన రోజు సాయంత్రం ఇంటికి ఫోన్ చేయడానికి చెయ్యి రాకపోవడం మాత్రం అందరికీ ఒకటే.

ఇంజినీరింగ్‌లో ఒక్క పేపరూ తప్పకుండా గట్టెక్కినవాళ్ల ఫొటోలు కళాశాలల ప్రకటనల్లో ఎలాగూ వస్తాయి. మొదటి ఏడాదే మూడు నాలుగు పేపర్లు పోగొట్టుకుని, వాటిని ఒక్కొక్కటిగా తీసేసి పట్టా చేతపట్టుకున్నవాళ్లు ఎక్కడా కనిపించరు. సరిహద్దు జిల్లాల్లోని తెలుగు వీధుల్లో వెతికితే దొరుకుతారు. కానీ అడిగితే ఓ పట్టాన చెప్పరు.

ఇంట్లో ఒకటి.. బడిలో ఒకటి..

ఇంట్లో తెలుగు. వీధిలో కన్నడమో, తమిళమో, ఒడియానో, మరాఠీయో. ఇంజినీరింగ్ గడప తొక్కగానే అంతా ఇంగ్లిషు. పదహారేళ్లు రెండు భాషల మధ్య నెట్టుకొచ్చిన పిల్లవాడి నెత్తిన మూడోది పడుతుంది. తమిళనాడులో 2006లో వచ్చిన చట్టంతో హోసూరు, కృష్ణగిరి వైపు తెలుగు మాధ్యమం పిల్లలకు తమిళం పేపరు కూడా తోడైంది. దాని మీద భాషా అల్పసంఖ్యాకులు కోర్టుల దాకా వెళ్లారు. కర్ణాటకలో విశ్వేశ్వరయ్య సాంకేతిక విశ్వవిద్యాలయం (వీటీయూ) బీఈలో కన్నడాన్ని కూడా ఓ పాఠ్యాంశంగా పెట్టింది. కన్నడం వచ్చినవారికి 'సాంస్కృతిక కన్నడ', రానివారికి 'బళకె కన్నడ'. ఈ పేపరులో తప్పామన్నవాళ్లు పెద్దగా కనిపించరు. దెబ్బతీసేది గణితం, ఆ తర్వాత డ్రాయింగు, ఎలక్ట్రికల్.

భాష దెబ్బ ఎక్కడ తగులుతుందో చూడాలంటే ప్రశ్నపత్రం చూడాలి. 'హెన్స్ షో దట్' అని ఉంటే, ముందు సాధించిన దాని నుంచే తర్వాతిది రాబట్టమని అర్థం. ఆ చిన్న మాట పట్టుకోలేక లెక్కను మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టి అరగంట పోగొట్టుకున్నవాళ్లున్నారు. లెక్క రాక తప్పినట్టు మార్కుల జాబితాలో కనిపిస్తుంది. అసలు సంగతి వేరు.

ఎవరికీ తెలియని యూఎస్‌ఎన్

బళ్లారి జీన్సుకు పేరు. అక్కడ జీన్సు ప్యాంట్లు కుట్టే చిన్న యూనిట్లు బోలెడు. అలాంటి ఓ యూనిట్ నడిపే తెలుగాయన కొడుకు 2012లో మెకానికల్‌లో చేరాడు. పీయూసీలో మంచి మార్కులే. పేరు రాయొద్దన్నాడు కాబట్టి రాయడం లేదు.

మొదటి సెమిస్టర్‌లో రెండు, రెండో సెమిస్టర్‌లో రెండు పోయాయి. ఇంట్లో చెప్పలేదు. వీటీయూ ఫలితాలు యూఎస్‌ఎన్.. అంటే విశ్వవిద్యాలయం ఇచ్చే సీటు నంబరు కొడితే గానీ తెరుచుకోవు. ఆ నంబరు ఇంట్లో ఎవరికీ తెలియదు. ఫలితాలు ఇంకా రాలేదంటే నమ్మారు. తర్వాత వచ్చాయి, పాసయ్యానంటే అదీ నమ్మారు. నాన్న వీధిలో అందరికీ మిఠాయి పంచారు. అబద్ధం అక్కడితో ఆగితే బాగుండేది. మిఠాయి తిన్నవాళ్లందరికీ అదే అబద్ధం మళ్లీ మళ్లీ చెప్పాల్సి వచ్చింది. ఆ రెండేళ్లలో చదువు కన్నా దీనికే ఎక్కువ బుర్ర ఖర్చయిందంటాడు.

అప్పటి 2010 స్కీములో ఓ మెలిక ఉంది. మొదటి ఏడాది పేపర్లన్నీ పూర్తయితేనే మూడో ఏడాదిలోకి అడుగు. మూడు పేపర్లు ఎలాగో తీసేశాడు. గణితం-2 మాత్రం మిగిలింది. 2013 జూన్, 2014 జనవరి, 2014 జూన్.. మూడుసార్లూ అదే పేపరు. ఇయర్ బ్యాక్ పడింది. తోటివాళ్లు ఐదో సెమిస్టర్ తరగతులకు వెళ్తుంటే ఇతను ఇంట్లో. ఐదో సెమిస్టర్ ఫీజు కట్టడానికి కళాశాలకు వెళ్లిన నాన్నకు కౌంటర్ దగ్గర గుమాస్తా చెప్పాడు.. మీవాడికి ఈ ఏడు ఫీజు లేదని.

నాలుగు రోజులు ఇంట్లో మాటల్లేవు. అయిదో రోజు యూనిట్‌కు రమ్మన్నారు. ఉదయం కుట్టిన ముక్కలు లెక్కపెట్టి, ఇస్త్రీ అయినవి ప్యాక్ చేయడం. మధ్యాహ్నం తర్వాత చదువుకోమన్నారు. తిట్లు లేవు. కూలి మాత్రం మిగతావాళ్లతో సమానంగా వారం వారం చేతికిచ్చారు. పరీక్ష ఫీజు ఆ డబ్బుతోనే కట్టుకున్నాడు.

జవాబుపత్రంలో దొరికింది

మూడోసారి తప్పాక రుసుము కట్టి జవాబుపత్రం నకలు తెప్పించుకున్నాడు. చాలామంది చేయని పని ఇది. తప్పామని తెలిశాక ఆ పేపరు మొహం చూడబుద్ధి కాదు మరి. ఎక్కడ తప్పామో చెప్పేది ఆ కాగితాలే.

ఆ స్కీములో ప్రశ్నపత్రంలో ఎనిమిది ప్రశ్నలు. ఐదు రాయాలి, ఒక్కో భాగం నుంచి కనీసం రెండు. ఒక్కోదానికి 20 మార్కులు. వందకు 35 వస్తే గట్టెక్కినట్టు. ఇతను ఐదూ రాశాడు. ఏదీ చివరిదాకా లేదు. ఒకచోట నాలుగు, ఒకచోట ఆరు, ఇంకోచోట ఏడు.. అన్నీ కలిపి 27. లాప్లాస్ ట్రాన్స్‌ఫామ్స్ లెక్కలన్నీ ఒకేచోట ఆగిపోయాయి. సూత్రం సరిగ్గానే రాశాడు. దాన్ని పార్షియల్ ఫ్రాక్షన్స్‌గా విడగొట్టే దగ్గర తప్పాడు. అది ఇంజినీరింగ్ పాఠం కాదు, పీయూసీ పాఠం. పీయూసీలో పరీక్షకు బట్టీపట్టి దాటేసిందే ఇక్కడ మూడుసార్లు కాలు పట్టుకుంది.

ఇంజినీరింగ్‌లో తప్పిన పేపర్లలో చాలావాటి వేరు ఇలాగే రెండు మెట్లు కింద ఉంటుంది. సర్క్యూట్ల పేపరు పోతే సైమల్టేనియస్ సమీకరణాలు రాకపోవచ్చు. స్ట్రెంత్ ఆఫ్ మెటీరియల్స్ పోతే తొలి ఏడాది మెకానిక్స్‌లో ఫ్రీ బాడీ డయాగ్రామ్ గీయడం రాకపోవచ్చు. పై పుస్తకాన్ని పదిసార్లు తిరగేసినా అక్కడ దొరకదు. కింది పుస్తకం తెరవాలంటే కాస్త సిగ్గు చంపుకోవాలి.

ఇతను చంపుకున్నాడు. పక్కింట్లో రెండో పీయూసీ చదివే కుర్రాడున్నాడు. తమ్ముడి వయసు. వాడి దగ్గర కూర్చుని ఇంటిగ్రేషన్, పార్షియల్ ఫ్రాక్షన్స్ మొదటి నుంచి నేర్చుకున్నాడు. బదులుగా వాడికి ఫిజిక్సు చెప్పాడు. సెప్టెంబరు అంతా పీయూసీ పుస్తకమే. అక్టోబరులో లాప్లాస్ రెండు యూనిట్లు, తర్వాత అవకలన సమీకరణాలవి రెండు. నాలుగు ప్రశ్నలు చివరి అంకె దాకా రావాలి, ఐదోది వచ్చినంత అని లెక్క. ఈ లెక్కలో ఓ తెలివుంది. 35 కోసం చదివినవాడికి 27 వస్తుంది. ఇతను 80 మార్కులకు సిద్ధమయ్యాడు. 2015 జనవరిలో 58 వచ్చాయి.

అరియర్ పండుగ

హోసూరు వైపు కథ వేరు. అణ్ణా విశ్వవిద్యాలయంలో అరియర్లున్నా పై సెమిస్టర్లకు వెళ్లిపోవడం మామూలు. అవి పోగుపడతాయి. చివరి ఏడాదికి వచ్చేసరికి ఇరవై అరియర్లు అని నవ్వుతూ చెప్పుకునేవాళ్లు కనిపిస్తారు. ఆ నవ్వు చూసి మోసపోకూడదు.

2020లో కరోనా వేళ ఓ వింత జరిగింది. పరీక్ష రుసుము కట్టినవారి అరియర్లన్నీ ఉత్తీర్ణమైనట్టేనని ఆగస్టు 26న అప్పటి ముఖ్యమంత్రి ఎడప్పాడి పళనిస్వామి ప్రకటించారు. ఆయన్ను కీర్తిస్తూ పోస్టర్లు వెలిశాయి. పండుగ ఎంతోకాలం నిలవలేదు. పరీక్ష రాయకుండా ఉత్తీర్ణత ఏమిటని ఏఐసీటీఈ అభ్యంతరం చెప్పింది. వ్యవహారం మద్రాసు హైకోర్టుకెక్కింది. పరీక్ష లేకుండా గట్టెక్కించడం కుదరదని 2021 ఏప్రిల్‌లో కోర్టు తేల్చింది. రాయక తప్పలేదు. ప్రకటన విన్ననాడే పుస్తకాలు అటకెక్కించినవాళ్లు మళ్లీ దింపుకున్నారు.

అదే విశ్వవిద్యాలయం మరో తలుపు కూడా తెరిచింది. గడువు దాటిపోయి పట్టా ఆగిపోయిన పాతవాళ్లకు, 2001-02 తర్వాత చేరినవాళ్లకు సైతం, అదనపు రుసుము కట్టించుకుని 2021 చివర్లో, 2022 వేసవిలో ప్రత్యేక అవకాశమిచ్చింది. నలభై ఏళ్లకు దగ్గరపడ్డవాళ్లు పిల్లల్ని బడికి పంపి, తాము హాల్‌టికెట్ పట్టుకోగలిగే వెసులుబాటు అది. ఇలాంటివి ఎప్పుడో ఒకసారి వస్తాయి. నమ్ముకుని కూర్చోవడానికి లేదు.

నిబంధనల పుస్తకం

చేరిన రోజు చేతికిచ్చే నిబంధనల పుస్తకం ఎవరూ చదవరు. తప్పాకైనా చదవాలి. జేఎన్‌టీయూల్లో చివరి పరీక్షలో 35 శాతం, మొత్తం మీద 40 వస్తేనే పేపరు గట్టెక్కుతుంది. హాజరు 75 శాతం ఉండాలి. 65 దాటితే కారణం చూపి, రుసుము కట్టి మినహాయింపు పొందొచ్చు. అంతకన్నా తగ్గితే పరీక్షే లేదు. వీటీయూలో హాజరు 85 శాతం, మినహాయింపుతో 75 దాకా. మార్కులతో తప్పినవాడికి మరో పరీక్ష ఉంటుంది. హాజరుతో తప్పినవాడు మళ్లీ తరగతిలో కూర్చోవాల్సిందే. పరీక్షలు దగ్గరికొచ్చాక ఇంట్లో చదువుకుంటానని మానేసేవాళ్లు ఈ తేడా గమనించరు.

మొత్తం గడువు కూడా ఉంది. జేఎన్‌టీయూ, వీటీయూల్లో చేరిన నాటి నుంచి ఎనిమిదేళ్లలో పూర్తి చేయాలి. అణ్ణాలో ఏడేళ్లు. పునర్‌మూల్యాంకనానికి దరఖాస్తు గడువు కొద్ది రోజులే. అణ్ణాలో ముందు నకలు తీసుకుంటేనే పునర్‌మూల్యాంకనం. రెండు మూడు మార్కులతో పోయినవాళ్లు దుఃఖంలో ఆ వారం దాటించేస్తుంటారు.

షోలాపూర్ మాట 'ఏటీకేటీ' అంటే 'అలౌడ్ టు కీప్ టర్మ్స్'. పేపర్లు తప్పినా పై తరగతికి వెళ్లనివ్వడం అన్నమాట. ఇన్ని పేర్లలో తప్పడాన్ని కాకుండా, ముందుకు పోనివ్వడాన్ని చెప్పే పేరు ఇదొక్కటే. మగ్గాల మీద బతుకు నిలబెట్టుకున్న పద్మశాలీ ఇళ్లల్లో అమ్మమ్మలకు సైతం ఈ మాట తెలుసు.

ఇంట్లో తెలిసేదెలా?

అబ్బాయి పేపరు తప్పితే ఏడాది పోయిందంటారు. అమ్మాయి తప్పితే సంబంధాలు చూద్దామంటారు. బరంపురం అయినా, బళ్లారి అయినా ఇదే వరస. ఒక్క బ్యాక్ పేపర్‌ను దాచడానికి అమ్మాయిలు పడే పాట్లకు సగం కారణం ఇదే. చదువు మాన్పిస్తారన్న భయంతో దాస్తారు, దాచడం వల్ల ట్యూషన్ ఫీజు అడగలేరు, అడగలేక మళ్లీ తప్పుతారు. పెద్దవాళ్లు ఫలితం అడిగే ముందు, ఏదైనా పోయినా చదువు మాన్పించమన్న మాట ఇస్తే ఈ గొలుసు సగం తెగుతుంది.

కొందరి విషయంలో సంగతి ఇంకా లోతుగా ఉంటుంది. నిద్ర పట్టకపోవడం, గదిలోంచి రాకపోవడం, బతకడమెందుకన్న మాటలు. వాటిని బద్ధకమని తీసిపారేయకూడదు. కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ సేవ 2022 అక్టోబరులో మొదలైంది. 14416కు రాత్రీ పగలూ ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు. తెలుగులోనూ మాట్లాడొచ్చు. పొరుగు రాష్ట్రంలో ఉన్నవాళ్లకు ఇది ముఖ్యం. ఏడుపొచ్చినప్పుడు ఎవరికైనా ఇంటి భాషే వస్తుంది.

ఉద్యోగం దగ్గర

తప్పినవాళ్లకు నష్టమేమీ లేదనడం అబద్ధం. ప్రాంగణ నియామకాల్లో చాలా సంస్థలు 60 శాతం మార్కులు, పెండింగ్‌లో పేపర్లు లేకపోవడం అడుగుతాయి. అక్కడ గేటు దగ్గరే ఆగిపోవాల్సి వస్తుంది. అయితే పెండింగ్‌లో ఉన్న పేపరు వేరు, పూర్తి చేసిన పేపరు వేరు. ప్రభుత్వ ఇంజినీరు పోస్టులు ప్రధానంగా పట్టా అడుగుతాయి. గేట్ రాయడానికి పాత సప్లీలు అడ్డురావు. 2021 నుంచి మూడో ఏడాది విద్యార్థులు కూడా ఈ పరీక్ష రాయొచ్చు. వచ్చిన స్కోరు మూడేళ్లు చెల్లుతుంది.

జీన్సు యూనిట్ కుర్రాడు నాలుగేళ్ల చదువు ఐదేళ్లకు, 2017లో పూర్తి చేశాడు. ప్రాంగణ నియామకాల్లో ఏమీ రాలేదు. ఏడాదిపాటు ఓ చిన్న వర్క్‌షాపులో పనిచేసి, తర్వాత తోరణగల్లు వైపు ఓ కర్మాగారంలో నిర్వహణ విభాగానికి ఇంటర్వ్యూకు వెళ్లాడు. మార్కుల జాబితాలు తిరగేసిన అధికారి ఐదేళ్లెందుకు పట్టిందని అడిగారు. గణితం-2 నాలుగోసారి పాసయ్యానని, ఆ ఏడాది ప్యాంట్లు ప్యాక్ చేశానని చెప్పాడు. ఆయన తలూపి తర్వాతి ప్రశ్న వేశారు. పంపులో కేవిటేషన్ ఎందుకొస్తుందని.